టీవీలో ఎక్కిన ఉంగరం

ఆ రోజుల్లో చిట్కా అంటే ఇంత చులకన లేదండి. ఇప్పుడు ఫోను తెరిస్తే చాలు, పొద్దున్నే ఎవరో ఒకరు నిమ్మతొక్కతో ఇల్లంతా అద్దంలా మెరిపించే మార్గం చెబుతుంటారు. మనం దాన్ని వేలితో పైకి తోసేసి, ఎవరిదో పెళ్ళి ఫొటోలు చూసుకుంటూ కూర్చుంటాం. అప్పుడలా కాదు. చిట్కా టీవీలో వచ్చిందంటే జనం కాగితమూ పెన్సిలూ తెచ్చుకుని కూర్చునేవారు. రాసుకున్నది రాసుకున్నట్టు చేసేవారు. చేశాక ఏమైందో ఫోన్ చేసి మరీ చెప్పేవారు. (ఈ చివరి అలవాటొక్కటి లేకపోతే నా తొలి ఉద్యోగం చాలా ప్రశాంతంగా సాగిపోయేది.) ఆ చిట్కాలు చెప్పిన మహా ఇల్లాలిని నేనే. అప్పటికి నాకు సొంతంగా చేయడం వచ్చిన వంట టీ ఒక్కటే, అది కూడా అమ్మ పక్కన నిలబడితేనే.

తెనాలిలో ఒక సైకిల్ షాపు మేడ మీద ఒంటిగదిలో నడిచే లోకల్ కేబుల్ ఛానెల్ మాది. దాని యజమానిని అందరం కేబుల్ సార్ అనేవాళ్ళం. ఆయనే ఓనరు, ఆయనే కెమెరామన్. కార్యక్రమం మధ్యలో ఎక్కడైనా వైరు తెగితే నిచ్చెన భుజాన వేసుకుని పరిగెత్తే మనిషి కూడా ఆయనే. గోడకు నీలం దుప్పటి కట్టి, దాని ముందు నన్ను కూర్చోబెట్టి, ప్రతి శనివారం సాయంత్రం అరగంట ‘ఇంటింటి చిట్కా’ లైవు ఇచ్చేవారు. ఫ్యాన్ వేస్తే చప్పుడు మైకులోకి వస్తుందని ఆపేసేవారు. అరగంటలో నా పౌడరు నుదుటి నుంచి గడ్డం దాకా కాలవలు కట్టేది. అయినా మా ఊరు నందివెలుగు నుంచి బస్సులో వస్తుంటే ‘అదుగో చిట్కాలమ్మాయి’ అని ఒకరిద్దరు గుసగుసలాడేవారు. కాలేజీ రోజుల్లో వెనక సీట్లో కూర్చున్న నేను, ఆ గుసగుస కోసం ముందు సీట్లోకి మారాను.

మా నాన్నకు మాత్రం ఇదేమీ రుచించలేదు. నాన్న దృష్టిలో ఆడపిల్ల ఉద్యోగమంటే చేతిలో సుద్దముక్క ఉండాలి. “దసరా దాకా నీ ఇష్టం. ఆ తర్వాత బాపట్లలో బీఈడీ. ఆ దుప్పటి ముందు ఇంకెన్నాళ్ళు కూర్చుంటావే?” అన్నాడు. అన్నాడంతే అనుకున్నాను. తీరా చూస్తే బాపట్ల వెళ్ళి కాలేజీ చూసి, హాస్టల్ మాట్లాడి, గదిలో కిటికీ పక్కన మంచం నాకే ఉంచమని కూడా చెప్పి వచ్చాడు. నాన్న మాటంటే మా ఇంట్లో రాయి మీద గీత. నా ఉద్యోగానికి మిగిలింది ఆ దసరా దాకానే.

పాత వారపత్రికలు నాకు ఆధారం. అందులో దొరికింది దొరికినట్టు చెప్పేదాన్ని. కందిపప్పుకు కొంచెం ఆముదం పట్టించి నిలవచేస్తే పురుగు పట్టదన్నాను. అది నిజమే, మా అత్తగారింట్లో ఇప్పటికీ అదే పద్ధతి. కోసిన వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేస్తే నల్లబడవన్నాను. అదీ నిజమే. కోడిగుడ్డు పెంకు వేలాడదీస్తే బల్లులు రావన్నాను. మా ఇంట్లో బల్లి ఆ పెంకు మీదే కాపురం పెట్టింది. పులుసులో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయండి, ఉప్పంతా లాగేస్తుందన్నాను. అది వేస్తే రెండు ఉప్పు వస్తువులు తయారవుతాయి: ఉప్పు పులుసు, ఉప్పు దుంప. ఈ సంగతి నాకు ఆ మరుసటి వారం ఫోన్ చేసిన పదకొండు పన్నెండు మంది చెప్పారు. వాళ్ళలో మా కార్యక్రమానికి ప్రకటనలిచ్చే స్టీలు సామాన్ల కొట్టు యజమాని భార్య కూడా ఉంది. ఆయన్ని ఊరంతా స్టీలు బాబాయి అనేవారు, కాబట్టి ఆవిడ స్టీలు పిన్ని. ఆ రోజు పిన్ని ఆడపడుచులు భోజనానికి వచ్చారట. “పోన్లేమ్మా, వాళ్ళు మళ్ళీ రాలేదు” అని పిన్ని క్షమించేసింది. బాబాయి క్షమించలేదు. “ఇంకొక్క చిట్కా తేడా కొట్టిందా, నా ప్రకటన ఉండదు” అని కేబుల్ సార్‌తో ఖరాఖండిగా చెప్పేశారు. ఆయన ప్రకటన లేకపోతే మా కార్యక్రమం లేదు. కార్యక్రమం లేకపోతే దసరా కూడా రాకుండానే బాపట్లలో కిటికీ పక్కన మంచం.

ఇలా ఉండగా ఒక శనివారం నేను ఉంగరాల చిట్కా చెప్పాను. పాత ఉంగరం బిగువైందా, వేలికి సబ్బు నురగ రాయండి, మెల్లగా తిప్పుతూ తోయండి, ఎక్కేస్తుంది. ఇంతవరకూ మొదటి సగం. “మరి తీయడమెలాగో...” అని నోరు తెరిచానో లేదో, టైమైపోయిందని కేబుల్ సార్ మీట నొక్కి స్టీలు బాబాయి ప్రకటన వేసేశారు. నేను నోరు తెరిచే ఉన్నాను. తెర మీద స్టీలు బిందెలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

ఆదివారం పొద్దున్నే కేబుల్ సార్ మా ఇంటికి ఫోన్ చేశారు. “అమ్మాయ్, కొంప మునిగింది. బాబాయి ఉంగరం ఎక్కించుకున్నాడు!” సంగతేమిటంటే, ఆ వారంలోనే బాబాయి దంపతుల పెళ్ళిరోజు. ఫొటో తీయించుకోవాలని పిన్ని ముచ్చట. పెళ్ళిలో పిన్ని పుట్టింటివారు పెట్టిన ఉంగరం బీరువాలో మగ్గుతోంది. పెళ్ళినాటి బాబాయి సన్నగా పొడుగ్గా ఉండేవారట. ఇప్పటి బాబాయి వేళ్ళు మునగకాడల దశ దాటి దొండకాయల దశకు వచ్చాయి. టీవీ ముందు కూర్చునే సబ్బు తెచ్చుకుని, నేను చెప్పింది చెప్పినట్టు చేశారు. ఎక్కింది. (నా చిట్కాల్లో అంత చక్కగా పనిచేసింది మరొకటి లేదు.) ఆ తర్వాత రాలేదు. రాత్రంతా సబ్బు, కొబ్బరినూనె, నెయ్యి అన్నీ అయ్యాయి. లాగినకొద్దీ వేలు ఉబ్బింది. డాక్టరుగారు చూసి, “రక్తం ఆడుతోంది, భయం లేదు. సాయంత్రానికి రాకపోతే మాత్రం కోయించేద్దాం” అన్నారు. ఆ మాటకు పిన్ని గుమ్మానికి అడ్డం నిలబడిందట. “పెళ్ళి ఉంగరం కోయిస్తే నేనూరుకోను. టీవీలో ఎక్కించారు, టీవీలోనే దించాలి!”

కేబుల్ సార్‌కు కష్టంలోనూ బుర్ర పనిచేస్తుంది. “సాయంత్రం స్పెషల్ లైవు పెడుతున్నా. దిగిందా, మన పంట పండినట్టే. దిగలేదా, నువ్వు బాపట్ల వెళ్ళిపో తల్లీ, నేను నిచ్చెన అమ్ముకుంటా” అన్నారు. గబగబా పాత పత్రిక తీసి చూశాను. అందులో ఉన్న రెండో సగం చిట్కా ‘నూనె రాయండి’ అని మాత్రమే. అది బాబాయి రాత్రే రాసేసుకున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది రేపల్లె పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క. పెద్దమ్మ దగ్గర అన్నింటికీ ఉపాయం ఉంటుంది, అడక్కపోయినా చెబుతుంది, వినకపోతే మళ్ళీ చెబుతుంది. నేను టీవీలో చేరాక, “నన్నడగవేంటే, పుస్తకాల్లో ఏముందే?” అని ఎన్నోసార్లు ఎత్తిపొడిచింది. పాతకాలం మనిషి, ఆవిడకేం తెలుసు అని నా ధీమా. ఆ ఆదివారం ధీమా గీమా పక్కన పెట్టి, “పెద్దమ్మా, వేలికి ఇరుక్కున్న ఉంగరం తీయడం వచ్చా?” అని ఫోన్లోనే ఏడ్చేశాను. “ఏ వేలు?” అంది. ఉంగరపు వేలే అన్నాను. “మధ్యాహ్నం రైలెక్కుతున్నా. ఆయన్ని చెయ్యి కిందికి దించొద్దను. ఇంకెవరూ లాగొద్దను” అని పెట్టేసింది.

సాయంత్రానికి స్టూడియో కిటకిటలాడిపోయింది. అంటే నీలం దుప్పటి ముందు నలుగురం. పెద్దమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చింది. “పెళ్ళికేమైనా వెళ్తున్నావా పెద్దమ్మా?” అంటే, “టీవీలో కనపడేటప్పుడు నేత చీర కట్టుకోమంటావా?” అంది. బాబాయి మొహం చిట్లించుకుని కూర్చున్నారు. పెద్దమ్మ ఆయన వేలు అటూ ఇటూ తిప్పి చూసి, “అబ్బాయ్, వాపు దిగాలి. చన్నీళ్ళలో కాసేపు ముంచు. తర్వాత చెయ్యి నెత్తి మీదికెత్తి అలాగే ఉంచు” అంది. బాబాయి అలాగే చేశారు. కేబుల్ సార్ అప్పుడే లైవు మొదలుపెట్టేశారు. ఊళ్ళో ఇళ్ళన్నింటిలో ఒక్కసారిగా తెర మీద కనిపించిందేమిటంటే, చెయ్యి పైకెత్తుకుని గంభీరంగా కూర్చున్న స్టీలు బాబాయి.

ఫోన్లు మొదలయ్యాయి. “ఆయనకేదో డౌటున్నట్టుందండి, అడగనివ్వండి” అన్నాడొకాయన. “పాపం, బాత్రూంకెళ్ళాలేమోనమ్మా, పంపించండి” అంది ఒక మామ్మగారు, కర్లపాలెం నుంచి చుట్టపుచూపుగా వచ్చానని చెబుతూ. బాబాయి చెయ్యి దించబోతే పెద్దమ్మ “ఊఁ!” అంది. ఆయన మళ్ళీ ఎత్తేశారు. ఈ ఖాళీలో పెద్దమ్మ మైకు తన వైపు లాక్కుని ఊరికి నాలుగు చిట్కాలు ఉచితంగా పంచింది. ఇత్తడికి చింతపండు అంది, బాగానే ఉంది. ఒళ్ళు కాలితే సిరా పూయమంది. (దయచేసి పూయకండి. కుళాయి కింద చన్నీళ్ళు పెట్టండి చాలు. ఈ ముక్క ఆ రోజే చెప్పబోయాను, పెద్దమ్మ నన్ను మాట్లాడనిస్తేగా.)

చివరికి వాపు కాస్త తగ్గింది. పెద్దమ్మ సంచిలోంచి గట్టి నూలుదారం తీసింది. దాని ఒక కొసను ఉంగరం కిందుగా అరచేతి వైపు దూర్చింది. మిగిలిన దారాన్ని ఉంగరం దగ్గర నుంచి వేలి కొస వైపు, ఎక్కడా సందు లేకుండా, కణుపు దాటేదాకా వరసగా చుట్టింది. “పిల్లా, అందరికీ కనపడేట్టు చెప్పు. లావుగా ఉన్న కణుపే మనకు శత్రువు. దారం దాన్ని నొక్కిపెడుతుంది” అంది. నేను అదే మాట కెమెరాకు చెప్పాను. ఆ తర్వాత పెద్దమ్మ అరచేతి వైపు ఉన్న కొస పట్టుకుని, వేలి చుట్టూ తిప్పుతూ ఒక్కో చుట్టు విప్పసాగింది. చుట్టు విడిన కొద్దీ ఉంగరం ఆ దారం మీదుగా ముందుకు జరిగింది. కణుపు దగ్గర ఆగింది. బాబాయి “అమ్మో” అన్నారు. పిన్ని కళ్ళు మూసుకుంది. కేబుల్ సార్ కెమెరా వదిలేసి ముందుకు వచ్చి తొంగిచూశారు, దాంతో జనానికి కాసేపు ఆయన వీపే కనపడింది. పెద్దమ్మ మాత్రం బియ్యంలో రాళ్ళేరుతున్నంత తాపీగా మరో చుట్టు విప్పింది.

ఉంగరం జర్రున జారి పెద్దమ్మ ఒళ్ళో పడింది.

కింద సైకిల్ షాపులో చిన్న టీవీ ముందు గుమిగూడినవాళ్ళు వేసిన ఈల మేడ మీదికి వినిపించింది. పిన్ని ఉంగరం కళ్ళకద్దుకుంది. బాబాయి వేలు నిమురుకుంటూ, “ప్రకటన సంవత్సరమంతా ఉంటుంది సార్” అని కెమెరాలోకి చూసి ప్రకటించేశారు. పెద్దమ్మ దారం చుట్టుకుంటూ నావైపు చూసింది. “ఆవిడకేం తెలుసు అనుకున్నావు కదే?” అని ఆ చూపు. అనుకున్నాను మరి. అప్పుడు నాకు కలిగిన సంతోషం ముందు ఆ పరాభవం ఏపాటిది? ఆవిడ రెండు చేతులూ పట్టుకుని ఊపేశాను. అంతలో ఫోను మోగింది.

“హలో” అన్నారు అవతలివాళ్ళు. ఆ ఒక్క మాటకే నాకు తెలిసిపోయింది. గొంతు ఎంత బొంగురుగా మార్చినా నాన్న నాన్నే.

“నమస్కారమండి. నందివెలుగు నుంచి మాట్లాడుతున్నానండి” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక నాన్న నన్ను ‘అండి’ అనడం అదే మొదలు. నేను అలవాటు కొద్దీ, “మీ పేరండి?” అన్నాను.

“పేరెందుకులెండి. ప్రోగ్రాం బాగుందండి. మీరు చెప్పే విధానం కూడా బాగుందండి.” గొంతు ఇంకాస్త బొంగురు చేసుకున్నాడు. “నాకొక చిట్కా కావాలండి. మా అమ్మాయి కోసం బాపట్లలో హాస్టల్ గది మాట్లాడానండి. ఇప్పుడది వద్దని చెప్పాలి. వాళ్ళు నొచ్చుకోకుండా చెప్పే ఉపాయమేమైనా ఉందా అండి?”

లైవు నడుస్తోంది, ఊరంతా చూస్తోంది, కేబుల్ సార్ ‘చెప్పు, చెప్పు’ అని చేతులూపుతున్నారు. నేను తలాడిస్తూ ఏడుస్తున్నాను. పెద్దమ్మ మైకు లాక్కుంది. “ఏమయ్యా, గొంతు మారిస్తే గుర్తుపట్టననుకున్నావా? హాస్టలోళ్ళు నొచ్చుకుంటారని ఇంత ఆలోచించావు, గది మాట్లాడేముందు పిల్లనోమాట అడిగావా?” అంది. అవతల టక్కున ఫోను పెట్టేశారు.

ఆ కార్యక్రమం ఆ తర్వాత చాలా ఏళ్ళు నడిచింది. పెద్దమ్మ నెలకోసారి పట్టుచీర కట్టుకుని రైలెక్కి వచ్చేది. ఇప్పుడు నాకు సొంత వంటిల్లు ఉంది, ఫోన్లో సొంత ఛానెలూ ఉంది. ఏ చిట్కా అయినా నా పొయ్యి మీదో నా వేలి మీదో నిలబడితేనే జనానికి చెబుతాను. తడిసిన ఫోను బియ్యంలో పెట్టమనేవాళ్ళతో గంటసేపు వాదించగలను. మాటకు తడుముకోవడమన్నది లేదు. నాన్న అడిగిన ప్రశ్న ఇవాళ ఎవరైనా అడిగితే గడగడా జవాబు చెప్పేస్తాను కూడా. కానీ ఆ సాయంత్రం చెమటకు పౌడరు కారిపోతూ, ఒక్క మాటా రాక, నీలం దుప్పటి ముందు బిక్కచచ్చి కూర్చున్న ఆ అమ్మాయి తలపుకొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. అన్నీ తెలిసిన నా కంటే, ఏ జవాబూ తెలియక ఏడ్చేసిన ఆ పిల్లే నాన్నకు ఎక్కువ నచ్చి ఉంటుందని అనిపిస్తుంది.