బావ చదవని కాగితం

మొన్న ఉప్పల్‌లో, మెట్రో స్తంభాల నీడలో ఉన్న ఒక బ్యాంకులో కూర్చుని, మనవరాలి చదువు అప్పుకు జమానతు సంతకం పెట్టమని ఇచ్చిన కాగితాలు చేతిలోకి తీసుకున్నాను. పిల్ల ఎంఏ ఇంగ్లీషు చదువుతానంటోంది. పీర్జాదిగూడ ఫ్లాటు వాయిదాలకే నా కొడుకు జీతం సగం పోతోంది కనుక, పింఛను వచ్చే మనిషెవరైనా హామీ ఉండాలన్నారు, మా ఇంట్లో ఆ అర్హత నా ఒక్కడికే ఉంది. పిల్ల తెలివైనదే, ఫోనులో పట్టిక కూడా వేసుకుంది: ఒక గడిలో ఫీజు, ఇంకో గడిలో వడ్డీ, చదువయ్యాక వచ్చే జీతం గడి మాత్రం ఖాళీ.

"తాతా, నువ్వు గూడ గదే చదివినవ్ గదా, ఎంత సంపాదించినవో చెప్పు, గిక్కడ వేస్త," అంది.

నా పట్టికలో మొదటి గడిలో ఉన్నది డబ్బు కాదు, మా బావ.

మా నాన్న నాచారంలో దారాల మిల్లు కార్మికుడు, అక్క భర్త అయిన బావ అదే మిల్లులో ఫిట్టరు. నా ఎంఏ కోసం నాన్న మిల్లు సొసైటీలో అప్పు తీసుకున్నాడు. అక్కడ అప్పు పుట్టాలంటే తోటి కార్మికుడొకడు జమానతు ఉండాలి, తీసుకున్నవాడు కట్టకపోతే ఆ తోటివాడి జీతంలో కోస్తారు. కాగితమంతా ఇంగ్లీషు, బావకు ఆ భాష రాదు. సంతకం ఎక్కడో నన్నే వేలితో చూపించమన్నాడు, నేను చూపించిన చోట పెట్టాడు, డ్యూటీకి టైమైందని వెళ్లిపోయాడు.

రెండో ఏడు నాన్నకు దూది దుమ్ము పట్టి ఛాతీ చెడింది, సెలవులు అయిపోయాయి, జీతం ఆగింది, వాయిదా బావ జీతంలో కోయడం మొదలైంది. అప్పటినుంచి నాకు జీతాల రోజంటే పరీక్షల కంటే ఎక్కువ భయం. యూనివర్సిటీ నుంచి వచ్చే బస్సు నాచారంలో ఆగే వేళకే సైరన్ మోగి షిఫ్టు వదులుతుంది, బావ మిల్లు గేటు దగ్గరే ఉంటాడు. అందుకని ఆ రోజు మాత్రం ఉప్పల్ బస్సెక్కి, అక్కడ దిగి, ఇంటిదాకా వెనక్కి నడిచేవాణ్ణి. నడక ఆరోగ్యానికి మంచిదని అమ్మకు చెప్పాను, ఆమె నమ్మి దారిలో తినమని పల్లీలు కూడా ఇచ్చేది. బావ ఒక్కసారి కోపంగా అడిగి ఉంటే నాకు హాయిగా ఉండేది. ఆయన అడిగిందల్లా ఒకటే: "ఏంది బామ్మర్దీ, దొరల భాష ఎంతదాంక వచ్చింది?"

ఒక ఆదివారం ఆయనే జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. మిల్లువాళ్ల మెమో. మాటిమాటికీ ఆలస్యంగా వస్తున్నందుకు పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో రెండు రోజుల్లో జవాబివ్వమని. ఆ ఉద్యోగం పోతే రెండిళ్ల పొయ్యిలు ఆరిపోతాయి. ఎందుకు ఆలస్యమైందని అడిగాను.

"పొద్దుగాల మామను దవాఖానకు తోల్కపోవాలె గద. గాడ లైను ఎంతుంటదో నీకేం ఎర్క, నువ్ క్లాసుల ఉంటివి," అన్నాడు తేలిగ్గా.

మామ అంటే మా నాన్న. ఆ గంటల్లో నేను పరాయి దేశపు కవుల దుఃఖానికి నోట్సు రాసుకుంటున్నాను.

సిగ్గంతా జవాబులో పోశాను. నాలుగు పేజీలు. అందులో మానవత్వం ఉంది, విధి ఉంది, ఎలా వచ్చిందో గుర్తులేదు గాని శరదృతువు కూడా ఉంది. మర్నాడు సాయంత్రం బావ ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"ఏ వకీలును పెట్టుకున్నవ్‌రా, మా మీద కేసేస్తవా అని మేనేజర్ సాబ్ గరమైండు. రేపటిదాంక టైమిచ్చిండు. జర నేను మాట్లాడినట్టుండే ఇంగ్లీషు రాయి, బామ్మర్దీ!"

ఆ రాత్రే కొత్త కాగితం తీశాను. మూడే వాక్యాలు రాశాను. మా మామకు బాగా లేదు. నేనే దవాఖానాకు తీసుకెళ్లాను. ఇకమీద ఆలస్యం కాదు. మూడోది నిజం కావడానికి ఆ మర్నాటి నుంచి పొద్దుటి క్లాసులు మానేసి నాన్నను నేనే తీసుకెళ్లాను; ఆ లైను నిజంగానే చాలా పెద్దది.

జవాబిచ్చిన రోజే జీతాల రోజు కూడా; ఆ సాయంత్రం ఉప్పల్ దారి పట్టకుండా గేటు దగ్గరే నిలబడ్డాను. బావ టిఫిను డబ్బా ఊపుకుంటూ వచ్చి, "మాఫ్ జేసిన్రు, నాలుగు రోజుల జీతం కోస్తరంట," అని, నాకు రెండు మిర్చి బజ్జీలు, టీ ఇప్పించి, "గీ మూడు ముక్కలకు రెండేండ్లు చదివినవా!" అని రోడ్డంతా వినబడేలా నవ్వాడు. ఇంగ్లీషు మీద నా మొదటి సంపాదన అదే. తర్వాత ఘట్‌కేసర్‌లో ప్రైవేటు బడి జీతం బావ ఓవర్‌టైము డబ్బుల కంటే తక్కువ, ఆయన బాకీ తీర్చడానికి నాలుగేళ్లు పట్టింది. సర్కారు బడి, పింఛను ఆ తర్వాతి మాట.

బ్యాంకులో ఆఫీసరు, "అందరూ చదవకుండానే పెడతారు సార్," అన్నాడు. నేను మాత్రం ఆ పేజీలన్నీ ప్రతి పంక్తీ చదివాను, ప్రతి పంక్తీ అర్థమైంది, అప్పు చేసి చదివిన చదువు ఇన్నాళ్లకు పూర్తిగా పనికొచ్చింది: ఎంత భయపడాలో కచ్చితంగా తెలిసింది. చివరికి కళ్లద్దాలు తీసేసి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించమని మనవరాలినడిగి, చూపించిన చోట సంతకం పెట్టాను.

బావ పోయి చాలా ఏళ్లయింది. మిల్లు స్థలంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు, నాచారంలో సైరన్ వినబడి ఎన్నాళ్లయిందో. రేపు పిల్లకు ఉద్యోగం రాక వాయిదా తప్పితే కబురు నా ఫోనుకే వస్తుంది. అప్పుడు నన్ను తప్పించుకోవడానికి ఆ పిల్ల ఏ దారిన నడుస్తుందో నాకు తెలియదు. నేను ఎంత చుట్టూ తిరిగి నడిచినా, బావ ఎక్కడ దొరుకుతాడో మాత్రం నాకు తెలిసేది. పిల్ల కోసం నిలబడి ఎదురుచూడ్డానికి నాకు అలాంటి గేటు కూడా లేదు.