చెవిగంటు వేరే

బత్తలపల్లె రోడ్డు దాటించి గొర్రెలను కంకర బాటలోకి మళ్ళిస్తున్న హనుమంతమ్మకు ఒక మోటారుబండి అడ్డమొచ్చింది. తోలుతున్నవాడు ఓబుళేసు, చదువు సగంలో ఆపేసి ఊళ్ళో సూదులేసే డాక్టరు. వెనక కూర్చున్నవాడు పాపన్న. వేరుశనగ పీకేసిన చేలో రాత్రిళ్ళు ఆమె మందను కట్టించుకుని, ఎరువుకు బదులు గింజలు కొలిచే రైతు. మొన్న ఉన్నట్టుండి వద్దన్నాడు. ఆ చేను పోతే ఈ ఎండాకాలానికి మందను అమ్ముకోవాల్సిందే.

"యాడికి తోలుకుపోతాండావమ్మే? ఊరి దిక్కుకు రావద్దని చెప్పినాం కదా!" అన్నాడు ఓబుళేసు. "నీ గొర్రెల గడ్డల చీము తగిలే నీ మొగుడి పిర్ర కుళ్ళింది. పాపన్న పెండ్లాం చెయ్యీ అట్లే అయింది."

"నా మొగుని పిర్రలో గొర్రె పొడవలేదప్పా. నువ్వు పొడిచినావు."

పాపన్న నవ్వాపుకోబోయి దగ్గాడు.

హనుమంతమ్మ ఎవరికీ సులభంగా నచ్చే మనిషి కాదు. కరువేడాది మందను కన్నడసీమ దాకా నడిపించి బతికించుకొచ్చింది. దారిలో నీళ్ళివ్వని ఊళ్ళ పేర్లు ఇప్పటికీ తలచుకుని తిడుతుంది. ప్రతి గొర్రెకూ ఒక తిట్టే పేరు. భర్త తిప్పన్నను పెద్దాసుపత్రిలో చేర్పించినప్పుడు, గొర్రె గడ్డలోని చీమును కూడా ఒక సీసాలో పట్టుకుపోయింది. ల్యాబులో పనిచేసే జయంతి ముక్కు మూసుకుని, ఆ సీసా పనికిరాదు, పశువులాసుపత్రిలో శుభ్రంగా తీయించుకుని రా అని కసిరింది. ఈమె తిరిగి కసిరి, తీయించుకునే వచ్చింది.

మనిషికి దేన్నైనా విడదీసి చూడడం పాత అలవాటు. నక్షత్రాలను వెలుతురును బట్టి, పాములను పడగను బట్టి, సాటి మనుషులను ఎవరింట్లో తినకూడదో దాన్ని బట్టి విడదీశాడు. కంటికానని క్రిములను విడదీయడానికి వాటిని చంపి చూడడం ఒక దారి. గాజుపళ్ళెంలో క్రిమిని పెంచి, మందు అద్దిన కాగితపు బిళ్ళలు పెడతారు. క్రిమికి పడని మందైతే ఆ బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. పడేదైతే క్రిమి బిళ్ళ అంచు దాకా పెరిగిపోతుంది.

"జయంతమ్మ చూపించింది," అంది హనుమంతమ్మ. "నా మొగుడి పురుగూ, అదే ఆసుపత్రిలో చూపించుకున్న నీ పెండ్లాం చౌడేశ్వరి పురుగూ ఒకే మందులకు సచ్చినాయి, ఒకే మందులకు మొండికేసినాయి. గొర్రెది వేరే."

"పురుగుల్లో కూడా కులాలు ఉండాయా?" ఓబుళేసు వెక్కిరించాడు.

"చెవిగంట్లు ఉండాయి."

పాపన్న తలెత్తాడు. ఏ మంద గొర్రెకు ఆ మంద గంటు చెవి మీద కోసి ఉంటుంది. హనుమంతమ్మది ఎడమ చెవి కొనన చీలిక.

"గంటు ఒకటే ఐతే ఒకే మంద అని ఒట్టేయలేం. ఇంకొకడూ అట్లే కోసుండొచ్చు. జయంతమ్మా అదే చెప్పింది. గంటు వేరే ఐతే మాత్రం అది నా మంద కాదు. పోయినేడు నీ కందిచేను మేసిన గొర్రెను చూసి నువ్వే అన్నావు పాపన్నా, గంటు వేరే, హనుమక్కది కాదు అని. గొర్రెకో న్యాయం, పురుగుకో న్యాయమా?"

పాపన్న బండి దిగాడు. "ఒకే సూదితో ఇద్దరికీ పొడిచినావా?" అన్నాడు ఓబుళేసుతో.

"ఉడకబెట్టినాన్నా..."

"సంగటి ఉడకబెట్టింటావు," అంది హనుమంతమ్మ.

ఓబుళేసు ముఖం నల్లబడింది. పాపన్న మళ్ళీ ఎక్కుతాడేమోనని కూడా చూడకుండా బండి తిప్పుకుని పోయాడు. దుమ్ము అణిగేదాకా పాపన్న ఆమె కళ్ళలోకి చూడలేకపోయాడు.

"ఈ రాత్రికి మంద కట్టక్కా."

హనుమంతమ్మ కట్టె ఎత్తింది. ముందున్న గొర్రె వీపు మీద తట్టి, "నడువే, సిగ్గులేనిదానా!" అంది, పాపన్న వైపే చూస్తూ. మంద అలవాటైన చేను వైపు మళ్ళింది. వస్తానని కూడా అనకుండా, అతన్ని బాట మీదే నిలబెట్టి, దాని వెనకే వెళ్ళిపోయింది.