ఒస్తాప్ ఫొటో కింద

తాతల కాలంలో ఉక్రెయిన్ నుంచి వలసొచ్చినవాళ్లది మా ఊరు. ఊరి చర్చిలో పాట ఎత్తేది నెస్టర్ హ్రింకివ్ ఒక్కడే. ఫాదర్ నెలకోసారి డాఫిన్ పట్నం నుంచి వస్తాడు. ఆయన ఉన్నా లేకున్నా చనిపోయినవాళ్ల కోసం పాడాల్సింది నెస్టరే. ఆ పాటలు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. నలభై ఏళ్లు స్కూలు బస్సు నడుపుతూ, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసుకుంటూ సాధన చేశాడు. మా అమ్మను, తర్వాత మా ఆయనను మట్టిలో పెట్టినరోజు నన్ను నిలబెట్టింది ఆ గొంతే. ఇది ముందే చెప్పాలి. తర్వాతిది వింటే మీరు అతన్ని దుర్మార్గుడనుకుంటారు.

రిటైరయ్యాక అతని చేతికి ఫోను వచ్చింది. 2003 చలికాలంలో, కనుబొమలు మంచు కట్టే చలిలో, ఇరాక్ మీద యుద్ధం వద్దని ప్లకార్డు పట్టుకుని విన్నిపెగ్ వీధిలో నిలబడ్డ మనిషి అతను. ఆ కోపం ఇంకా ఆరలేదు. ఉక్రెయిన్ మీద రష్యా పడ్డాక, మా ఊరి ఫేస్‌బుక్ గ్రూపులో ఎవరేం రాసినా కింద ప్రత్యక్షమయ్యేవాడు. ఇరాక్ సంగతేంటి, వియత్నాం సంగతేంటి, నీతులు చెప్పడానికి అమెరికావాళ్లెవరు అనేవాడు. అవేవీ అబద్ధాలు కావు. ఒళ్లు మండేదే అందుకు.

గురువారాలు చర్చి కింది గదిలో మేం ఆడవాళ్లం పిరోహీలు చేస్తాం. పిండి బిళ్లలో బంగాళాదుంప ముద్ద పెట్టి కజ్జికాయల్లా అంచులు నొక్కుతాం. ఉడికించేది నెస్టర్. ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో ఫోను.

"ఏమయ్యా, నువ్వు ఉడికించేది పిరోహీలనా, అమెరికానా?" అనేదాన్ని.

"పిరోహీలైతే ఉడుకుతాయిలేమ్మా," అనేవాడు.

పవ్లీనా మాత్రం నవ్వేది కాదు. ఆమె చెల్లెలి కొడుకు ఒస్తాప్ ఖార్కివ్‌లో అంబులెన్సు నడిపేవాడు.

"నెస్టరూ, ఇరాక్ గురించి నువ్వన్నదంతా ఒప్పుకుంటా. మావాళ్ల ఇళ్ల మీద బాంబులేస్తున్నదెవరో ఆ ఒక్కటీ నీ నోటితో చెప్పు," అనేది.

"అది అంత తేలిగ్గా తేలేది కాదు పవ్లీనా."

మార్చిలో ఒస్తాప్ చనిపోయాడు. బాంబు పడిన ఇంట్లోవాళ్లను మోసుకొస్తుంటే అదే చోట రెండోది పడింది. పవ్లీనా గ్రూపులో అతని ఫొటో పెట్టి పేరూ వయసూ రాసింది, అంతే. అయ్యో అన్నవాళ్ల మధ్య ఎవరో అమెరికా ఇక ఊరుకోకూడదన్నారు. నెస్టర్ ఆగలేకపోయాడు. "బాగ్దాద్ పిల్లలకు కొవ్వొత్తి వెలిగించిందెవరు?" అని రాశాడు. మర్నాటికి ఆ ఫొటో కింద రెండు వందల పద్నాలుగు కామెంట్లు.

నలభయ్యో రోజు ప్రార్థనకు ఫాదర్ వచ్చాడు. చివర్లో, చనిపోయినవాళ్లు ఎప్పటికీ గుర్తుండాలనే పాటను మూడుసార్లు పాడాలి. నెస్టర్ పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. పవ్లీనా లేచి నిలబడింది.

"ఆగు. చెప్పి పాడు. మావాణ్ని చంపిందెవరు?"

ఫాదర్ తల వంచుకున్నాడు. నెస్టర్ నోరు తెరిచాడు. చెప్పేస్తాడనే అనుకున్నాను, ఒట్టు. ఒక్క మాట సరిపోయేది.

"చూడు పవ్లీనా, దీని వెనకాల..." అని మొదలుపెట్టాడు.

ఆమె ఇక వినలేదు. తనే పాట అందుకుంది. మేమూ గొంతు కలిపాం. మూడోసారికి మా గొంతులు తలా ఒక దారి పట్టాయి. నెస్టర్ పుస్తకం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. మళ్లీ చర్చికి రాలేదు. రేపు నేను పోతే ఎవరు పాడతారో తెలీదు.

వెళ్లేటప్పుడు పవ్లీనా నా చెయ్యి పట్టుకుంది. "నువ్వైనా గ్రూపులో నా తరఫున గట్టిగా మాట్లాడావే," అంది.

ఇంటికొచ్చి ఆ ఫొటో కింద రాసినవన్నీ మొదటి నుంచీ చదివాను. వాటిలో పదకొండు నావి. ఒక్కదాంట్లోనూ ఒస్తాప్ పేరు లేదు.