ఎవల పిల్ల ఇది? కోదాడ, మిర్యాలగూడ తిరిగి తీసిన ఒక పెళ్లికూతురి ముఖం

సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలు గేటుకు కట్టిన ఫ్లెక్సీ మీద పెళ్లికూతురు రేణుక ముఖాన్ని తెల్లగా మార్చేశారు. ఫోటో తీసింది నేను. మార్చింది నన్ను ఆ పనికి పిలిచిన స్టూడియో. ఆమెను అడగలేదు, నన్నూ అడగలేదు. ఇప్పుడు అదే ముఖంతో పెళ్లి ఆల్బమ్ కూడా ప్రింటుకు పోబోతోంది. అందుకే ఆ ఫోటోలు ఎక్కడ తీశామో, ఎట్లా తీశామో మొత్తం రాస్తున్నాను. బయట ఎండలో ఫ్లాష్ పెట్టి పెళ్లికూతురి ఫోటోలు తీయాలనుకునేవాళ్లకు ఈ దారి పనికొస్తుంది. స్టూడియో సార్ కూడా నా బ్లాగు చూస్తారు. చివరి మాటలు ఆయనకు.

నేను ఈ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పగలు జిరాక్స్ షాపులో చేస్తాను. ఫోన్లో వీడియోలు చూసి, ఎవరో వాడి అమ్మిన ఫ్లాష్ ఒకటి కొని, మా చెల్లెను డాబా మీద నిలబెట్టి నెలల తరబడి తప్పులు చేసి నేర్చుకున్నా. ఆడపిల్ల ఫోటోగ్రాఫర్ కావాలని ఎవరైనా అడిగితే స్టూడియో నాకు ఫోన్ చేస్తుంది. రేణుకది చివ్వెంల పక్కన ఊరు, గొర్లున్న ఇల్లు. కోదాడలో ఇంజినీరింగ్ చదివి, సూర్యాపేటలో ఒక దవాఖానలో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. మొదటిసారి మాట్లాడినప్పుడే ఒకటి చెప్పింది. "అక్కా, కాలేజీ గ్రూప్ ఫోటోలల్ల నా పళ్లే కనిపిస్తయి, మొఖం కనిపియ్యది. స్టూడియోకు పోతే తెల్లగ చేసిస్తరు. ఒక్క ఫోటోలనన్న నేను నా లెక్క పడాలె." మేం బయలుదేరింది ఆ ఒక్క ఫోటో కోసం.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, పొద్దున ఐదున్నరకు సూర్యాపేట బస్టాండు దగ్గర కారెక్కాను. రోజంతటికి కిరాయి డీజిల్‌తో కలిపి మూడు వేలు. డ్రైవర్ యాదగిరన్న. చివ్వెంల దగ్గర హైవే దిగి రేణుకను ఎక్కించుకున్నాం. తోడుగా ఆమె బాపమ్మ, అంటే నాయన తల్లి, భుజాన నల్ల గొంగడి వేసుకొని వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"ఎండెక్కుతది గద అవ్వా, గొంగడెందుకే?" అన్నాడు యాదగిరన్న.

"నీ కార్ల ఏసీ ఉన్నదంట గదరా. గందుకే."

ఏడింటికి ముందే కోదాడలో ఉన్నాం. బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, రేణుక చదువుకునేటప్పటి నుంచి తెలిసిన బ్యూటీ పార్లర్‌కు పోయాం. మేకప్ చేసే ఆమె చేతిలోకి తీసుకున్న డబ్బా రంగు చూసి నేను ఆపాను.

"పెళ్లికూతురు కదమ్మా, రెండు షేడ్లు పైన వెయ్యకపోతే ఫోటోలో ఏం పడుద్ది?" అందామె.

"మెడ రంగుకు కలిపి వెయ్యండి. ఫోటోలో పడేటట్టు నేను చూసుకుంటా."

"తర్వాత నన్ననకూడదు మరి."

కుర్చీలో కునుకు తీస్తోందనుకున్న బాపమ్మ కళ్లు తెరిచింది. "అది నా రంగమ్మా. డెబ్బై ఏండ్ల సంది కడుగుతున్న. దిగలే." ఆ తర్వాత మేకప్ మెడ రంగులోనే పడింది. మీరు కూడా ఈ మాట పార్లర్‌లోనే తేల్చుకోండి. ముఖం ఒక రంగు, మెడ ఒక రంగు అయితే ఏ లైటూ కాపాడదు.

కోదాడ నుంచి పదింటికి బయలుదేరి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పదకొండున్నరకు మిర్యాలగూడ చేరాం. బస్సులున్నాయి. కానీ లైటు స్టాండు, గొడుగు, పట్టుచీరతో బస్సు పెట్టుకోకండి. ఊరి బయట యాదగిరన్నకు తెలిసిన ఒక రైస్ మిల్లు ఉంది. ముందురోజే ఫోన్ చేసి అనుమతి అడిగాం. పొడవాటి తెల్ల గోడ, దాని పక్కన ఇంటి ఎత్తు ఊక కుప్ప. మిట్టమధ్యాహ్నం ఫోటోలు రావంటారు. వస్తాయి. ఎండను పెళ్లికూతురి వెనక్కి తీసుకోవాలి, అంతే. ముందు ఆకాశం నీలంగా పడేదాకా కెమెరాలో వెలుగు తగ్గించాను. అప్పుడు ముఖం చీకటైపోతుంది, కావాలనే. తర్వాత ఆ ముఖానికి ఎంత కావాలో అంత వెలుగు ఫ్లాషుతో ఇస్తాం. ఫ్లాష్ కెమెరా మీద ఉండకూడదు. ఎడమవైపు స్టాండు మీద, కళ్లకంటే కాస్త ఎత్తులో, వెలుగును మెత్తగా చేసే తెల్ల గొడుగు వెనక పెట్టాను. చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, ఫుల్ పవర్‌లో.

మొదటి ఫోటో చెడిపోయింది. కుడివైపు తెల్ల గోడ మీద పడ్డ ఎండ తిరిగొచ్చి రేణుక చెంపను చదును చేసింది. ఆమె స్క్రీన్ చూసి, "తెల్లగనే ఉన్న గని నేను లేనక్కా" అంది. తప్పు నాది, గోడను లెక్కలోకి తీసుకోలేదు. బాపమ్మ భుజం మీది గొంగడి అడిగి తీసుకొని, యాదగిరన్న చేత గోడకూ రేణుకకూ మధ్య పట్టించాను. నలుపు ఆ వెలుగును మింగేసింది. చెంప ఎముక, ముక్కు అంచు, గడ్డం మీద చిన్నప్పుడు పొట్టేలు కుమ్మిన మచ్చ, అన్నీ వాటి చోటికి వచ్చాయి. అంతలో గాలి లేచి గొడుగుతో సహా స్టాండు ఒరిగింది. నేను ఉరికేలోపే బాపమ్మ గొర్లకట్టె పట్టినట్టు పట్టేసింది.

"నేను పట్టుకుంట. నువ్వు కొట్టు."

"కదలొద్దు అవ్వా."

"మందకాడ తెల్లారందాక నిలవడ్డదాన్ని. నాకు చెప్తవా నువ్వు?"

పదకొండో ఫోటో చూసి రేణుక కెమెరా తీసుకుపోయి బాపమ్మకు చూపించింది. "మచ్చ మంచిగ పడ్డది" అంది బాపమ్మ. ఇద్దరూ ఊక కుప్ప పక్కన నిలబడి ఆ ఫోటోనే చాలాసేపు చూశారు.

రెండింటికి మెస్సులో భోజనం, మనిషికి నూట ఇరవై. ఐదింటికి సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఇంకో ముప్పై ఫోటోలు తీశాం. పొద్దుగూకే వెలుగుకు ఫ్లాష్ బాగా తగ్గించాలి, లేకపోతే ముఖం కాగితం అతికించినట్టు ఉంటుంది. నీళ్ల అంచుకు పోకండి, కట్ట జారుతుంది. తిరిగి సూర్యాపేట ఏడున్నరకు చేరాం. మెమరీ కార్డులు స్టూడియోలో ఇచ్చి, కవరు మీద పెన్నుతో రాశాను: రంగు మార్చవద్దు.

పెళ్లి రోజు బాపమ్మను ఎక్కించుకొని యాదగిరన్న కారు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఆగింది. నేను అక్కడే ఉన్నాను. బాపమ్మ దిగలేదు. ఫ్లెక్సీ చూసి, "ఇది మన హాలు కాదురా, తిప్పు. ఎవల పిల్లనో ఇది" అంది.

"నీ మనుమరాలే గదనే అవ్వా," అని యాదగిరన్న నవ్వాడు.

"మచ్చేది మరి?"

బాపమ్మ దిగి దగ్గరికి పోయి, ఫ్లెక్సీ మీద గడ్డం దగ్గర వేలు పెట్టి వెతికింది. ఆ ఫోటోకు లైటు పట్టుకున్న మనిషి ఆమె.

అక్కడి నుంచే స్టూడియో సార్‌కు ఫోన్ చేశాను. "చిన్నపిల్లవు, నీకు తెల్వదు. తెల్లగుంటేనే పెళ్లోల్లు ఖుషీ. ఎవరన్న అడిగిన్రా?" అన్నారు. అడిగారని చెప్పేలోపే ఫోన్ పెట్టేశారు. రేణుక వారం తర్వాత నాతో అన్నది ఇంతే: "అందరు మంచిగున్నదంటున్నరక్కా. బాపమ్మ ఒక్కతే అడిగింది. నువ్వు రాయి. నా పేరు పెట్టే రాయి."

ఆ రోజంతా తిరిగి మేం చేసింది పెద్ద పనేం కాదు. ఉన్న ముఖం మీద సరిపడా వెలుగు వేశాం. దానికి ఒక కారు, ఒక ఫ్లాష్, ఒక గొంగడి, ఒక ముసలామె పట్టు కావాల్సి వచ్చింది. చెరపడానికి కంప్యూటర్ ముందు రెండు నిమిషాలు సరిపోయాయి. ఆ రెండు నిమిషాల పనిని మా ఊళ్లలో "మంచిగ చేయడం" అంటారు. నేను కూడా మొదట్లో చేశాను, మా చెల్లె ఫోటోకే. తను ఇప్పటికీ నాతో ఆ మాట ఎత్తుతుంది. మీకు ఒక్కటే సలహా: ఇట్లా పోయేటప్పుడు ఒక నల్ల గొంగడి, నకలు కోసం ఇంకో కార్డు తీసుకుపోండి. ఫోటోల నకలు మీ దగ్గర ఉంచుకోకుండా కార్డు ఎవరికీ ఇవ్వకండి. నేను ఇచ్చాను.

సార్, కార్డులు మీ దగ్గరున్నాయి. ఆల్బమ్ ఇంకా ప్రింటుకు పోలేదని మీ డిజైనరే చెప్పాడు. రేణుక ముఖం ఉన్న ప్రతి పేజీలో నేను తీసిన రంగు, ఆమె మచ్చ తిరిగి రావాలి. అసలు ఫోటోలు ఆమె చేతికి ఇవ్వాలి. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటిలోపు జవాబు చెప్పండి. నాకు చెప్పకపోయినా ఏం కాదు. చివ్వెంల దగ్గరే, బాపమ్మ ఇంటికి పోయి చెప్పండి. ఎవరన్న అడిగిన్రా అన్నారు కదా, అడిగింది ఆమే.