తుంటి పక్కన ఇనుప గుండు

కార్తీకమాసం, రెండో సోమవారం, పగలు పదకొండుంబావు. ఎక్స్‌రే బల్ల మీద పడుకుని తల పక్కకి తిప్పితే గోడ గడియారం తప్ప ఇంకేమీ కనపడేది కాదు. అందుకే గంటతో సహా గుర్తుంది.

నా కుడి తుంటి కీలు అరిగిపోయింది. కొత్తది వేయాలంటే ముందు ఎముక కొలత కావాలి. ఎక్స్‌రేలో ఎముక ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. ఎంత పెద్దదిగా పడిందో తెలియడానికి, సైజు తెలిసిన ఇనుప గుండొకటి ఎముక పక్కన, సరిగ్గా ఎముక ఎత్తులో ఉంచి రెంటినీ కలిపి తీస్తారు. గుండు ఎంత పెరిగిందో ఎముకా అంతే పెరిగిందని లెక్క. ఇదంతా ఎక్స్‌రే తీసే అమ్మాయి చెప్పింది. రోజూ గుణదల నుంచి వస్తుందట, మా మనవరాలి ఈడు. నాకు వెంటనే తలకెక్కింది. నేను కాలవ మీద లస్కరుగా చేసినవాడిని. లాకు దగ్గర గేజి చూసి నీటిమట్టం పైవాళ్ళకి చెప్పడమే నా పని. అక్షరాలు రిటైరయ్యాక నేర్చుకున్నాను గాని అంకెలు అప్పటికే వచ్చు.

గుండు పెట్టాల్సిన చోటు తొడల మధ్య, బాగా పైకి. ఆ పిల్ల నా మీద దుప్పటి కప్పి, గుండు చేతికిచ్చి, మొహం అటు తిప్పుకుంది.

"మీరే పెట్టుకోండి తాతగారూ. ఇంకొంచెం పైకండీ. ఆఁ, అంతే. ఇంక కదపకండి."

అద్దం వెనక్కి వెళ్ళింది. గోచీ పెట్టి ఊరందరి ముందూ కాలవలో దిగినవాడిని, ఒంటి గురించి ఎన్నడూ సిగ్గుపడలేదు. ఆడపిల్ల ఎదురుగా అక్కడ గుండు ఇరికించుకుని పడుకోవాలంటే మాత్రం ప్రాణం చచ్చిపోయింది. దుప్పటి కిందే మెల్లగా తీసి పక్కన బల్ల మీద పెట్టేశాను. ఊపిరి బిగబట్టమంది, బిగబట్టాను.

డాక్టరుగారి గదిలో నాతోపాటు మా ఆవిడ, చేతికి కట్టుతో చల్లపల్లి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, పేర్లు పిలిచే కాంపౌండరు ఉన్నారు. డాక్టరుగారు కంప్యూటర్లో కొలిచి నవ్వారు.

"ఏం పెద్దాయనా, మనిషి చూస్తే ఇంతే ఉన్నావు. ఎముక పహిల్వానుది పెట్టుకొచ్చావే?"

మేమూ నవ్వాం. ఆయన మళ్ళీ తెర చూశారు, నవ్వు పోయింది. అమ్మాయిని పిలిపించారు.

"గుండు ఎక్కడ పెట్టావమ్మా? తొడ బయట బల్ల మీద పడుంది. ఎముక కంటే కిందుంటే గుండు తక్కువ పెరుగుతుంది, లెక్కలో ఎముక పెద్దదైపోతుంది. ఈ కొలత నమ్మి పెద్ద కీలు తెప్పిస్తే, ఈయన్ని కోసి పడుకోబెట్టాక నేనేం చేయాలి?"

ఆ పిల్ల తెర వంక చూసింది, నా వంక చూసింది. "సారీ సర్. మళ్ళీ తీస్తానండీ."

"తీసేది తియ్యి. సాయంత్రం మేనేజరుని కలువు. ఈ పని నీకు కుదరదు."

నేను మాట్లాడలేదు. ఎవరికైనా మొహం మీదే చెప్పేస్తానని మా వీధిలో పేరు నాకు.

చల్లపల్లి ఆవిడ మందుల చీటీ తీసుకుని లేస్తూ, "ఈ కాలం పిల్లలకి పని మీద ధ్యాసుండదు, అన్నయ్యగారూ," అంది.

"అవునమ్మా," అన్నాను. ఊరుకున్నా సరిపోయేది. తలూపి మరీ అన్నాను. ఆ పిల్ల గుమ్మంలోనే ఉంది.

మళ్ళీ అదే బల్ల, అదే దుప్పటి. గుండు చేతికిచ్చి మొహం తిప్పుకుంది.

"ఇందాక నేనే తీశానమ్మా," అన్నాను.

"తెలుసండీ. అద్దంలోంచి మీ చెయ్యి కదలడం చూశాను. దుప్పటి సర్దుకుంటున్నారనుకున్నా. సార్ అడిగాక అర్థమైంది."

"మరి చెప్పలేదేం?"

"మీరు చెప్తారేమోనని చూశానండీ." గొంతులో కోపం కూడా లేదు. "ఊపిరి బిగబట్టండి."

ఈసారి గుండు కదల్లేదు. ఫోటో అయ్యాక ఆ పిల్లని వెంటబెట్టుకుని, కర్ర పొడుచుకుంటూ డాక్టరుగారి గదిలోకి వెళ్ళాను. ఏ మాటలతో చెప్పానో సరిగా గుర్తులేదు. గుండు తీసింది నేనేననీ, సిగ్గేసి తీశాననీ, ఆ పిల్లని తిడుతుంటే కూర్చుని విన్నాననీ చెప్పాను. డాక్టరుగారు ఆ అమ్మాయి వైపు తిరిగారు. "మేనేజరు దగ్గరికి వెళ్ళక్కర్లేదమ్మా. తిట్టే ముందు ఏం జరిగిందో నేను అడగాల్సింది," అన్నారు. కొత్త కొలతలో ఎముక నా ఎముకలాగే ఉంది.

మా ఆవిడ అందరూ వింటుండగానే అంది: "కాలవ మీద గేజి కదిపినవాడు దొరికితే చెమడాలు ఎక్కదీసేవారుగా. ఇప్పుడు మిమ్మల్నేం చెయ్యాలి?"

కాంపౌండరుని అడిగాను, చల్లపల్లి ఆవిడ ఏదని. బస్సుకి టైమవుతోందని ఎప్పుడో వెళ్ళిపోయిందట. కీలు చక్కగా కుదిరింది, ఇప్పుడు కర్ర కూడా లేదు. ఆవిడ మాత్రం ఈనాటికీ ఆ పిల్లకి పని మీద ధ్యాస లేదనే అనుకుంటూ ఉంటుంది, నేను అవునన్నాను గనక.

ఆ రోజు ఆ గదిలో తిట్లప్పుడు ఉన్నవాళ్ళు: డాక్టరుగారు, కాంపౌండరు, మా ఆవిడ, గుణదల అమ్మాయి, నేను, చల్లపల్లి పెద్దావిడ. నిజం చెప్పినప్పుడు ఉన్నవాళ్ళూ వీళ్ళే, ఆవిడ తప్ప.