పట్టిక మేడం, రెండు వ్యాన్లు

ఆ బీమా ఆఫీసులో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. అందరికీ ఆమె పట్టిక మేడం. పదకొండేళ్ల కిందట ఒక పట్టిక తయారుచేసింది. ఏటా బండ్లకు జరిగే ఫిట్‌నెస్ పరీక్షలో ఎన్ని లోపాలు రాస్తే అన్ని మార్కులు. మార్కులు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ, కాబట్టి ప్రీమియమూ ఎక్కువ. కాకి పిల్ల కాకికి ముద్దు అన్నట్టు, ఆ కాగితాన్ని బల్ల అద్దం కింద పెట్టుకుని మురిసిపోయేది. పొరపాటున ఎవరైనా దానిమీద టీ గ్లాసు పెట్టారా, ఆ పూట వాళ్ల పని అయిపోయినట్టే.

ఇంట్లోనూ అదే వరస. కుక్కరు కొనాలన్నా, టైలరుని మార్చాలన్నా కాగితంమీద నిలువుగా ఒక గీత గీసి అటూ ఇటూ రాయాల్సిందే. "మన పెళ్లప్పుడు నన్ను గీతకి ఏ పక్కన రాశావో చెప్పవూ?" అని భర్త ఏడిపించేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి తమ్ముడి భార్య సలహాకి వచ్చింది. ఈ మరదలు పిల్లల్ని బడికి చేరవేసే డ్రైవరు. ఇన్నాళ్లూ ఎవరి దగ్గరో జీతానికి నడిపింది, ఇప్పుడు సొంతానికి పాత వ్యాన్ ఒకటి కొనుక్కుంటోంది. చూసినవి రెండు, ఒకే కంపెనీవి, ఒకే ఏడాదివి. ఒకటి తెల్లది, ఒకటి నీలం. శనివారంలోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి. తప్పు బండి కొంటే ఆమె ఒక్కతే నష్టపోయి ఊరుకునే వ్యవహారం కాదు, రోజూ పద్నాలుగు మంది పిల్లలు ఎక్కుతారు అందులో.

"నాకు ఈ కాగితాలు అర్థం కావు వదినా. నువ్వే చూసి చెప్పు," అంది.

పట్టిక మేడం రెండు బండ్లకూ అయిదేళ్ల పరీక్ష రికార్డులు తెప్పించింది. తెల్లదానిమీద ఒక్క లోపం లేదు. నీలందానిమీద పదిహేడు!

"ఇంకా చూడ్డానికేముంది? తెల్లదే. నీలందాని ఒళ్లంతా చిల్లులే."

"కానీ నీలందాని స్టీరింగ్ చేతికి హాయిగా ఉంది వదినా. బ్రేకు కూడా చెప్పినట్టు వింటోంది."

"హాయికి నా పట్టికలో గడి లేదమ్మాయ్."

అయినా కొనేముందు ఒకసారి కంటితో చూద్దామని, బుధవారం ఇద్దరూ పాత బండ్లు అమ్మే షెడ్డుకు వెళ్లారు. తెల్ల వ్యాన్ పెళ్లికొడుకులా తళతళలాడుతోంది. మరదలు ఆ మెరుపు జోలికి పోకుండా, తిన్నగా వెళ్లి గొంతుక్కూర్చుని వెనక టైరు గాడిలో వేలు పెట్టింది. గాడి ఉంటేగా! టైరు బోడిగుండులా నున్నగా ఉంది. పట్టిక మేడం చేతిలో కాగితం చూసింది. పోయిన నెల పరీక్షలో గాడి లోతు ఏడు మిల్లీమీటర్లని రాసుంది. అంతకుముందు ఏడాదీ ఏడే. ఆ ముందేడాదీ ఏడే.

"నెల తిరక్కుండా ఏడు మిల్లీమీటర్లు ఏ ఎలుకలు కొరికాయి వదినా?" అంది మరదలు.

అక్కడున్న మెకానిక్ నవ్వాపుకోలేకపోయాడు. "పరీక్ష రోజుకి మంచి టైర్లు అద్దెకి తెచ్చి బిగిస్తారమ్మా. సాయంత్రానికి తిరిగిచ్చేస్తారు. ఆ మాత్రం తెలీదా మీకు?"

తెలీదు. పదకొండేళ్లుగా కాగితాలు తిరగేసిందే గానీ ఒక్క టైరులోనూ వేలు పెట్టలేదు. పైన పటారం లోన లొటారం అంటే ఇదేనని ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపం బండివాడిమీదో, తనమీదో తేల్చుకోలేక, నీలం వ్యాన్ చూడ్డానికి వెళ్లే దారి పొడుగునా మరదలిమీద చూపించింది.

నీలం వ్యాన్ ఒక ముసలి డ్రైవరుది. చూపు తగ్గి బండి నడపడం మానుకుంటున్నాడు. పట్టిక మేడం ఈసారి పదిహేడు లోపాలనూ లెక్కపెట్టడం మాని చదివింది. వైపరు రబ్బరు. ఎడమ లైటు పైకి చూస్తోంది. హ్యాండ్ బ్రేకు వదులు. ఏ లోపమూ రెండోసారి రాలేదు. ప్రతిసారీ మూడో రోజునే మళ్లీ పరీక్ష, పాస్.

"ఇన్ని లోపాలు రాయించుకున్నారేం బాబాయ్? ముందే బాగుచేయించి తీసుకెళ్లొచ్చుగా?"

"నాకు తెలిసినవి ఎప్పటికప్పుడు చేయిస్తూనే ఉంటానమ్మా. తెలియనివి చెబుతారనేగా వెళ్లేది. ఉన్నదున్నట్టు తీసుకెళ్తాను," అన్నాడు ముసలాయన. "కాకపోతే బీమావాళ్లకి ఇది గిట్టదు. లోపాలున్నాయని ఏటా నాకు ఎక్కువే వేస్తారు. ఆ లెక్క ఏ మహానుభావుడు కట్టాడో గానీ!"

మరదలు పెదవి కొరుక్కుంటూ ఎటో చూసింది. పట్టిక మేడానికి తల కొట్టేసినట్టయింది. ఆ లెక్క తనదన్న సంగతి దాచి, శనివారం వస్తామని చెప్పి వచ్చేసింది.

మర్నాడంతా ఆఫీసులో పాత ఫైళ్ల దుమ్ము దులిపింది. అయిదేళ్లుగా మచ్చలేని బండ్లలో వందకి తొమ్మిది ప్రమాదాల పాలయ్యాయి. లోపాలు రాయించుకుని వారంలోగా బాగుచేయించినవాటిలో వందకి మూడే. రెండుసార్లు లెక్కపెట్టింది. మారలేదు. శుక్రవారం ఆ కాగితం తీసుకుని మేనేజరు ముందు నిలబడింది.

"మీ మరదలి బండి సంగతేగా? ఆ ఒక్కదానికీ తగ్గించి రాసేద్దాం," అన్నాడాయన. "పట్టిక జోలికి ఎందుకు మేడం? ఇన్నేళ్ల మంచి పేరు మీది."

ఆ మాట చెవికి తియ్యగానే ఉంది. అబద్ధమెందుకు, కాసేపు ఊగిసలాడింది కూడా.

"మరి ఆ ముసలాయనలాంటి వాళ్లకి ఏం చెప్పమంటారు సార్?" అని అడిగింది చివరికి. తన బల్ల దగ్గరికెళ్లి, పట్టిక తప్పని, కట్టింది తానేనని పై ఆఫీసుకు ఉత్తరం రాసి సంతకం పెట్టింది.

శనివారం పొద్దున నీలం వ్యాన్ తాళాలు మరదలి చేతికొచ్చాయి. ఆమె ముఖం వెలిగిపోతోంది. పట్టిక మేడం మాత్రం చీర కొంగు నలుపుతూ నిలబడింది.

"బాబాయ్, ఆ లెక్క కట్టింది నేనే. ఇన్నేళ్లూ మీచేత అనవసరంగా ఎక్కువ కట్టించాను. తప్పయింది."

ముసలాయన ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎన్నేళ్లు నడిచిందమ్మా మీ లెక్క?"

"పదకొండేళ్లు."

"ఒక్కసారైనా పరీక్షకి తీసుకెళ్లారా?"

"మొన్ననే తీసుకెళ్లాను బాబాయ్. ఫెయిలైంది."

"మరింకేం," అన్నాడు ముసలాయన నవ్వుతూ. "మూడు రోజుల్లో బాగుచేయించుకుని మళ్లీ వెళ్లండి."