చెల్లెలి గిటారు మీద పగులు

మా ఆయన గిటార్లు బాగుచేస్తారు. ముప్పై ఏళ్లుగా అదే పని, అదే ఇరుకు కొట్టు. ఏ గిటారు వచ్చినా ముందు దాని మీద సుద్దముక్కతో గీత గీస్తారు. గీత లోపలిదే తన పని, బయట వేలు కూడా పెట్టరు. "పాత చెక్కని ముట్టుకోకుండా వదిలేయడం కూడా పనే," అంటారు. చెక్క దగ్గర అంత మొండిగా ఉండే మనిషి వాళ్ల అన్నగారి ముందు మాత్రం పిల్లి అయిపోతారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పోయిన వారం మా బావగారు ఓ పాత గిటారు తెచ్చి బల్ల మీద పెట్టారు. అది మా ఆడపడుచుది. పందొమ్మిదేళ్లప్పుడు, సంగీతం టీచరు తను వాయించిన గిటారే ఆమెకి ఇచ్చేశారట. నలుగురిలో కచేరీ చేస్తానందని, ఆమె ఇంట్లో లేనప్పుడు ఈ బావగారే దాన్ని కాలితో తొక్కారు. పైగా, "అలమర మీంచి పడింది. నువ్వే సరిగ్గా పెట్టలేదు," అని తిట్టారు. పక్కనే ఉండి అంతా చూసిన మా ఆయన అవునని తలూపారు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు, పాలుతాగే పసివాడేం కాదు. పెళ్లయిన కొత్తలో ఈ సంగతి నాకు చెప్పి ఏడ్చారు. చెల్లెలికి మాత్రం చెప్పలేదు. ఆమె మళ్లీ గిటారు పట్టుకోలేదు.

ఇన్నేళ్లకి ఆమెకి ఉద్యోగం అయిపోయి, వాయించాలని బుద్ధి పుట్టి, పెద్దన్నగారింట్లో మూలపడి ఉన్న ఆ గిటారు బాగుచేయించమని ఆయన్ని అడిగింది.

"పైపలక పీకేసి కొత్తది వెయ్యి. ఆదివారం చెల్లి వస్తుంది," అన్నారు బావగారు, చొక్కాకి గుండీ మార్చమన్నంత తేలిగ్గా.

"పలక మారిస్తే గొంతు మారిపోతుంది అన్నయ్యా. ఇక ఇది ఆ గిటారే కాదు."

"గొంతు ఎవడిక్కావాలిరా? పగులు కనపడకూడదు."

ఎందుకు కనపడకూడదో నాకు తెలుసు. పైనుంచి పడితే అంచులు చితకాలి. దీని అంచులు చెక్కుచెదరలేదు. పలక మధ్యలో మడమంత గుంట, దాని మీదుగా జానెడు పగులు. చూసే కళ్లుంటే ఎవరికైనా తెలిసిపోతుంది.

మా ఆయన కిక్కురుమనకుండా పలక మొత్తం చుట్టూ గీత గీసేశారు. బావగారు గుమ్మం దాటగానే నేను అందుకున్నాను.

"ఇంకెవరైనా అడిగితే తిప్పి పంపేవారు. అన్నగారు అడిగేసరికి గీత అంతయిపోయిందా? తొక్కింది ఆయన. దాన్ని మాయం చేసేది మాత్రం మీరా?"

ఆయన తడిగుడ్డతో ఆ గీత తుడిచేసి, పగులు చుట్టూ వేలెడు వెడల్పున ఇంకో గీత గీశారు. నాలుగు రోజులు కూర్చుని, పలక లోపలి వైపు చిన్న చిన్న చెక్కబిళ్లలు అతికించి పగులుని గట్టిపరిచారు. గుంట జోలికి వెళ్లలేదు. రంగు పూయలేదు.

ఆదివారం మా ఆడపడుచు ఒక్కతే వచ్చింది. గిటారు ఒళ్లో పెట్టుకుని అంచులన్నీ తడిమింది. పగులు దగ్గర ఆగింది.

"అలమర మీంచి పడితే నడిమధ్యలో పగిలిందేంటి, చిన్నన్నయ్యా?"

"పడలేదమ్మా. పెద్దన్నయ్య తొక్కాడు. నేనక్కడే ఉన్నాను."

ఆమె అరవలేదు. అరిచినా బాగుండేది.

"నా చేతులే మంచివి కావనుకున్నాను. నా పిల్లలకి నీళ్లు పొయ్యాలన్నా జారవిడుస్తానేమోనని వణికేదాన్ని. పెద్దన్నయ్య సంగతి తర్వాత చూస్తాను. నువ్వెలా ఊరుకున్నావు?"

తీగలు బిగించడానికి ఆయన చెయ్యి చాపారు. "వద్దు, నేనే వేసుకుంటాను," అని గిటారు తీసుకుని లేచింది. వెళ్తూ నా వైపు తిరిగింది.

"నీకెప్పుడు తెలిసింది, వదినా?"

పెళ్లయిన కొత్తలోనే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.